పడుకున్న గీత

ల్యాబ్‌లో అందరూ ఆమెను చాదస్తం అక్క అంటారు. మిషన్ ఫలితం చెప్పేసినా ఆమెకు తృప్తి ఉండదు. కళ్లద్దాలు కోటు అంచుతో తుడుచుకుని, తెరమీద లేచే గీతలను చూపుడువేలితో కింది నుంచి పైదాకా తడిమితే గాని రిపోర్టు వదలదు. అక్కడ చేసే పరీక్ష వైరస్ జన్యువులో మూడు చోట్ల ఆనవాళ్లు వెతుకుతుంది, చోటుకో గీత. మూడు గీతలూ లేస్తేనే జబ్బు ఉన్నట్టు. ఆ వారం తొమ్మిది మందికి రెండు గీతలు నిటారుగా లేచాయి, మూడోది నేలకు అతుక్కుపోయింది. మిషన్ ‘లేదు’ అంది.

“కిట్టులో ఏదో లోపం. లేదనే రాసెయ్యండమ్మా,” అన్నాడు పెద్ద డాక్టరు.

“కిట్టు పాడైతే మూడూ పడుకోవాలి కదండీ? అందరికీ ఆ ఒక్కటే ఎందుకు పడుకుంది? అక్కడ వైరస్సే మారిందేమో! లేదని రాస్తే వీళ్లు ఇంటికెళ్లి పిల్లాపాపలకు అంటిస్తారు. నేను రాయను,” అని ఆమె భీష్మించుకు కూర్చుంది. నమూనాలు పెద్ద ల్యాబ్‌కు వెళ్లేదాకా కుర్చీలోంచి లేవలేదు.

నాలుగో రోజు జవాబొచ్చింది. తొమ్మిది మందికీ జబ్బుంది. వైరస్ సరిగ్గా ఆ చోటే మారింది. ల్యాబంతా చప్పట్లతో మోగిపోయింది. పెద్ద డాక్టరు సంతకం పెట్టబోయి ఆగి, ఆ రోజు రిపోర్టులన్నీ ఆమె ముందుకు జరిపాడు.

“ముందు మీరు చూడండక్కా. ఆ తర్వాతే నా సంతకం.”

ఆమె ఏమీ తొందరపడలేదు. కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తాపీగా తుడుచుకోవడం మొదలుపెట్టింది.