కాయ లేని రోజుల్లో సొన

మా వదిన తన కూతుర్ని చూడగానే ముందు అడిగేది అన్నం తిన్నావా అని కాదు. గడ్డం పట్టుకుని, మొహాన్ని వెలుగు వైపు తిప్పి, ముందు ఒక చెంప, తర్వాత రెండో చెంప చూస్తుంది. ఆ తర్వాతే పలకరింపు. నా మేనకోడలు నూజివీడు క్యాంపస్‌లో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకి చాట్రాయి వచ్చినప్పుడల్లా ఆటో దిగీ దిగకముందే ఈ తనిఖీ జరుగుతుంది. "అమ్మా, ఎయిర్‌పోర్టులో కూడా ఇంత చెక్ చెయ్యరు" అని ఆ పిల్ల విసుక్కుంటుంది. వదిన పట్టించుకోదు. చెంపలు మామూలుగా ఉన్నాయని తేలాక, "సర్లే, కాళ్ళు కడుక్కుని రా" అంటుంది.

తెలియనివాళ్ళకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాకు చాదస్తాలంటే ఒళ్ళు మంట. ఎవరివైనా సరే మొహం మీదే అనేస్తాను. కానీ వదిన చాదస్తాన్ని మాత్రం నేను అనను, నా ముందు ఇంకొకళ్ళని అననివ్వను. అది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

మాది చాట్రాయి దగ్గర మామిడితోట. తోట అన్నయ్య పేరున ఉంది గానీ నడిపేది వదినే. అన్నయ్య పొద్దున్నే బండేసుకుని మైలవరంలో తన ఎరువుల కొట్టుకి పోతే మళ్ళీ రాత్రి భోజనానికే రావడం. కోతల రోజుల్లో కూలీల్ని పిలవడం దగ్గర్నుంచి షెడ్డులో కాయ ఏరి, గడ్డి పరిచి, క్రేట్లు నింపించేదాకా అంతా ఆవిడ చేతి మీదుగా జరగాల్సిందే. నేను నూజివీడులో టీచర్ని. వేసవి సెలవులివ్వగానే పుట్టింటికి చేరి, ఆ షెడ్డులోనే ఒక మూల కూర్చుని, రసాలు తింటూ అందరికీ సలహాలివ్వడం నా వంతు.

మామిడి తోటల్లో పుట్టినవాళ్ళకి సొన గురించి చెప్పక్కర్లేదు. కాయ తొడిమ విరగ్గానే చిమ్మే జిగురు అది. ఒంటి మీద పడితే మండుతుంది, ఎర్రగా కందుతుంది, తర్వాత నల్లబడి పొరలుగా ఊడిపోతుంది. కోతల కాలంలో మా ఊళ్ళో సొన మచ్చ లేని మొహం అరుదు. అందుకే ఒక వేసవిలో వదిన రెండు చెంపలూ, ముక్కు మీదా ఎర్రగా కందిపోతే ఎవరూ కంగారు పడలేదు. సొన పడింది, కొబ్బరినూనె రాయమన్నాం. ఆవిడా రాసుకుంది.

మరుసటి వేసవీ అంతే. నోట్లో పుళ్ళు వస్తే, పళ్ళు ఎక్కువ తిని వేడి చేసిందన్నాం. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోలేకపోతే, క్రేట్లు ఎత్తడం వల్లనన్నాం. జుట్టు ఊడితే బోరు నీళ్ళన్నాం. ఒంట్లో ఏది తేడా చేసినా మా తోటలోనే దానికో కారణం సిద్ధంగా ఉండేది. మా అమ్మ దగ్గరైతే వైద్యం కూడా సిద్ధం. కోడలంటే అమ్మకి ప్రాణం. రోజూ పొద్దున్నే నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, కర్పూరం కలిపి, కోడలి మోకాళ్ళకీ చేతులకీ తనే రాసేది. వాకిట్లో కుర్చీ వేసి, "నీరెండలో కాసేపు కూర్చోమ్మా, కీళ్ళు వదులవుతాయి" అని కూర్చోబెట్టేది. అంత ప్రేమగా కోడల్ని ఎండలో కూర్చోబెట్టిన అత్తని నేనింకెక్కడా చూడలేదు. ఆ ఎండే ఆవిడకి పడదని అప్పుడు ఎవరికి తెలుసు? కోతలైపోయి, వానలు పట్టి, వదిన ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక ఎరుపు తగ్గేది. చూశారా, సొనే అని మళ్ళీ మేమే తేల్చేసేవాళ్ళం.

ఆ ఏడు డిసెంబరులో క్రిస్మస్‌కి ముందు, చర్చి ఆవరణలో పందిరి వేయించి రంగు కాగితాలు కట్టించే పని వదిన మీద పడింది. రోజంతా ఎండలోనే నిలబడి చేయించింది. పండగనాటి పొద్దున కొత్త చీర కట్టుకుని అద్దం ముందుకొస్తే చెంపలు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పక్కనే జడ వేసుకుంటున్న నేను, "మళ్ళీ సొన పడిందా వదినా?" అన్నాను అలవాటుకొద్దీ.

వదిన అద్దంలోంచే నా వైపు చూసింది. "చెట్లకి ఇంకా పూతే రాలేదు. కాయే లేనప్పుడు సొన ఎక్కడిదే?" అంది.

ఇప్పుడు చెబుతుంటే చాలా తేలికైన ప్రశ్నలా ఉంటుంది. కానీ ఇల్లూ ఊరూ అంతా ఒకే మాట మీద ఉన్నప్పుడు, అంతకుముందు తనూ నమ్మిన మాటని నిలబెట్టి అడగడం అందరివల్లా కాదు. నా వల్ల కాలేదు, అంత నోరుండి కూడా. ఆవిడంటే నాకు అభిమానం ముందునుంచీ ఉంది. గౌరవం మాత్రం ఆ అద్దం ముందు మొదలైంది.

పండగ వెళ్ళగానే నూజివీడులో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వేళ్ళు నొక్కి చూసి, నోరు చూసి, చెంపలు చూసి, విజయవాడలో కీళ్ళవాతం జబ్బులు చూసే స్పెషలిస్టుకి చీటీ రాసిచ్చారు. ఆ స్పెషలిస్టు వయసులో నాకన్నా చిన్నామె. రక్తం, మూత్రం పరీక్షలన్నీ చేయించి, ఇది లూపస్ అని చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఆ ఒంటి మీదే తిరగబడటం అన్నమాట. చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు, దేన్నయినా పట్టుకోవచ్చట. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ మందులు మానకుండా వాడితే అదుపులో ఉంటుందట. ఎండకి మాత్రం దూరంగా ఉండాలి.

నాకు కన్నీళ్ళు ఆగడం లేదు. వదిన మాత్రం తన గురించి ఒక్క ముక్క అడగలేదు. "మా అమ్మాయికి వస్తుందా అండీ?" అంది.

డాక్టరమ్మ దాటెయ్యలేదు. "మిగతావాళ్ళకన్నా కొంచెం అవకాశం ఎక్కువండి. అయినా ఎక్కువమంది పిల్లలకి రాదు. ఏ లక్షణం లేకుండా ఊరికే పరీక్షలు చేయించి పిల్లని భయపెట్టకండి. ఏదైనా కనిపిస్తే మాత్రం వెంటనే తీసుకురండి. మీకు జరిగినంత ఆలస్యం తనకి జరక్కూడదు" అన్నారు.

తిరుగు బస్సులో వదిన ఎండ పడకుండా కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. "నాకొచ్చింది నేను పడతాను. దానికి రాకూడదు" అంది కొంగులోంచే. చెంపల తనిఖీ ఆ వారం నుంచే మొదలైంది.

అమ్మకి విషయం చెప్పిన రోజు, ఎండలో కూర్చోబెట్టి కోడలి కొంప ముంచానని ఆవిడ ఒకటే ఏడుపు. వదిన పక్కన కూర్చుని, "మీ నూనె మంచిదే అత్తయ్యా. ఆ కుర్చీ ఒక్కటి వరండాలోకి జరపండి, చాలు" అంది. అమ్మ ఇప్పటికీ నూనె రాస్తూనే ఉంది, వరండాలో.

మందులు మొదలుపెట్టాక మొహం ఉబ్బింది. చర్చిలో ప్రతివాళ్ళూ, "ఒళ్ళు చేశావమ్మా, కళగా ఉన్నావు" అనడమే. "మందుల కళండీ" అని ఈవిడ నవ్వేది. తోట ఎవరికైనా ఇచ్చేద్దామని అన్నయ్య అంటే, "చెట్లు ఎండలో ఉంటాయి. షెడ్డు నీడలోనే ఉందిగా" అని తన మకాం షెడ్డులోకి మార్చేసింది. బయటికి రావాలంటే అన్నయ్య ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, గొడుగు, మొహం నిండా తెల్లగా క్రీము. అన్నిటికన్నా నేను మెచ్చుకునేది వేరే ఉంది. నీరసం ముంచుకొచ్చిన రోజు, "ఇవాళ ఒళ్ళు రానంటోంది" అని అందరికీ చెప్పి పట్టపగలు మంచమెక్కేది. మా వైపు పగలు పడుకున్న ఆడది ఊరికి వార్త. వదిన ఆ వార్తని తనే చదివి పడుకునేది. ఓపికున్న రోజున కూడా ఉన్నదంతా ఒక్కరోజే ఖర్చుపెట్టేది కాదు.

ఒకసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తన పరిశోధన గురించి చెప్పారు. ఇలాంటి జబ్బులకి మందులున్నాయి గానీ, మొదలైన దగ్గర్నుంచి పేరు తెలిసేదాకా ఆడవాళ్ళకి ఇంత కాలం ఎందుకు పడుతోందో వెతుకుతున్నారట. వదిన మా సొన కథంతా చెప్పింది. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి, "సొన మచ్చ నేనెప్పుడూ చూళ్ళేదండి. చూపిస్తారా?" అని అడిగారు.

ఆ మే నెలలో నిజంగానే వచ్చారు. వదిన కోత మనుషుల్ని పిలిచి గడ్డి మీద కూర్చోబెట్టింది. అడిగి ఫోటోలు తీసుకుంటూ, ఒక్కొక్కరి మొహం చూస్తూ డాక్టరమ్మా వదినా తేడాలు మాట్లాడుకున్నారు. సొన పడినచోటే చుక్కలుగా, చారలుగా కాలుతుంది. లూపస్ ఎరుపు ఎక్కువగా రెండు చెంపలకీ ఒకేలా వచ్చి, ముక్కు పక్క మడతని వదిలేస్తుంది. అయినా కంటితో చూసి తేల్చెయ్యకూడదు, పరీక్ష చెయ్యాల్సిందేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఒకామె తనకి ఏళ్ళ తరబడి ఒళ్ళంతా నొప్పులని, రిపోర్టులన్నీ నార్మల్ కాబట్టి ఇంట్లో నమ్మరని చెప్పుకుంది. "రిపోర్టు నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదమ్మా. ఫైబ్రోమయాల్జియా అని ఒకటుంది, ఒకసారి రండి" అన్నారు. ఆమె అక్కడే ఏడ్చేసింది. పరిశోధన అంటే గాజు సీసాలూ, కంప్యూటర్లూ అనుకునేదాన్ని నేను. చెమటలు కారుతూ గడ్డి మీద కూర్చుని ఎదుటి మనిషి చెప్పింది నమ్మడం కూడా అందులో భాగమేనని ఆ రోజు చూశాను.

పోయిన వేసవిలో మా మేనకోడలు సెలవులకొచ్చి, తనూ వల కట్టిన చిక్కం కర్ర పట్టుకుని కాయ కోస్తానని బయల్దేరింది. పొద్దంతా తోటలోనే ఉంది. మర్నాడు లేచేసరికి రెండు చెంపలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

వదిన చేతిలో ఇడ్లీ పళ్ళెం అలాగే ఉండిపోయింది. షెడ్డు నుంచి వచ్చినామె చూసి, "సొనే అమ్మగారూ" అంది. "ఆ మాట నా ఎదుట అనకు" అంది వదిన. ఆవిడ గొంతు అంత కటువుగా నేనెప్పుడూ వినలేదు.

"చెమట తుడుచుకున్నానమ్మా, సొన చేతుల్తోనే" అంది పిల్ల.

"అయ్యుండొచ్చు. పద."

ఆ పూటే విజయవాడ వెళ్ళాం. డాక్టరమ్మ చెంపలు చూసి, కీళ్ళు చూసి, సొనలాగే ఉందన్నారు. అయినా వదిన మొహం చూసి, పరీక్షలు కూడా చేయిద్దామన్నారు. రిపోర్టులు వచ్చేదాకా వదిన మామూలుగానే షెడ్డులో కూర్చుంది. ఏరిన కాయనే మళ్ళీ ఏరుతోంది. ఎవరూ సరిదిద్దలేదు. ప్రార్థన చేసుకోమంటే, "చేస్తూనే ఉన్నాను" అంది. నాకు చాలా భయమేసింది. తన జబ్బుని అంత నిబ్బరంగా మోసిన మనిషి ఈ కబురు చెడ్డదైతే నిలబడుతుందా అని.

ఫోను వచ్చినప్పుడు మేమంతా షెడ్డులోనే ఉన్నాం. వదిన స్పీకరులో పెట్టింది. "అన్నీ బాగున్నాయండీ. అది సొనే" అన్నారు డాక్టరమ్మ.

వదిన బోర్లించిన క్రేటు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. గడ్డి పరుస్తున్నవాళ్ళు చేతులు ఆపేశారు. కాసేపటికి కొంగు తీసి కూతుర్ని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగు వైపు తిప్పింది. చెంపల మీద ఎరుపు అప్పటికే నల్లబడి, నాలుగు వేళ్ళూ పాముకున్న చారలు విడివిడిగా తేలాయి.

"సొన చేతుల్తో మొహం తుడుచుకుంటారుటే? మామిడితోటలో పుట్టి ఆ మాత్రం తెలీదా? ఇంజనీరింగు దేనికి చదువుతున్నావు, బుద్ధి లేదూ?" అని అందుకుంది. షెడ్డంతా నవ్వులు. మా ఊళ్ళో కోతల కాలంలో ప్రతి తల్లీ తన పిల్లల్ని తిట్టే తిట్టే అది. వదిన దాన్ని ఇన్నేళ్ళూ దాచుకున్నట్టు, ఆపకుండా, కళ్ళు తుడుచుకుంటూ తిట్టింది. తిడుతూనే, కొబ్బరినూనె సీసా పట్రమ్మని నన్ను ఇంట్లోకి పంపింది.