వైరు నా చేతిలోనే ఉంది

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు మహా సరదా. నా పని అలాంటిది. చిన్న చిన్న యంత్రాల్లో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, టచ్ స్క్రీన్లు బిగిస్తాను. ఏది మొరాయించినా వదులైన వైరో, తప్పు రాసిన కోడో దొరక్క మానదు. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే చిన్నతనంగా ఉంది.

మల్కాజ్‌గిరిలో ఉండే మా చిన్నాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. ఆయన మంచం మీదికి వంగి ఉండేలా ఒక స్క్రీన్ బిగించాను. అందులో ఒకదాని కింద ఒకటి నొప్పి, నీళ్లు, ఫ్యాను, ఇటు రా అని నాలుగు బొమ్మలు. దేన్ని నొక్కితే ఆ మాట, ముందే రికార్డు చేసిన మా చిన్నమ్మ గొంతుతో పలుకుతుంది.

మొదటి రోజే నవ్వులపాలయ్యాను. ఆయన నీళ్లు నొక్కితే అది "ఫ్యాను" అంది. చిన్నమ్మ ఫ్యాను పెంచింది. ఆయన మళ్లీ నొక్కాడు, ఆమె ఇంకా పెంచింది. ఆయన నన్ను కొరకొరా చూశాడు.

వేలు ఎక్కడ పడుతుందో స్క్రీన్‌కు ముందు నేర్పాలి. నాలుగు మూలల్లో, ఆపైన మధ్యలో ప్లస్ గుర్తులు వస్తాయి, ఒక్కొక్కదాన్నే నొక్కాలి. ఆ పని నేను నిలబడి చేశాను. పడుకుని చూసే మనిషి వేలు కాస్త కిందికి పడుతుంది. చిన్నాయనతోనే నొక్కించాక అన్నీ కుదిరాయి.

తర్వాత ఆయనకు నిమ్ము చేసింది. సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దన్నారు. ఆయన్ను మంచం దించే హడావుడిలో స్క్రీన్ పగిలింది. ఆయన ఇంటికొచ్చేసరికి సిద్ధంగా ఉండాలని మర్నాడు మధ్యాహ్నం కొత్తది తెచ్చి ఆ మంచం దగ్గరే బిగించాను.

బొమ్మ వస్తుందో లేదో చూద్దామని కరెంటు ఇచ్చాను. పాత స్క్రీన్‌కు నేర్పిన వేలి కొలతలు చెరిపేశాను కాబట్టి మొదటి ప్లస్ గుర్తు వచ్చి ఆగింది. వేలు ఎక్కడ పడిందో యంత్రానికి చెప్పే టచ్ వైరు ఇంకా కలపలేదు. నా చేతిలోనే ఉంది.

గుర్తు రెండో మూలకు జరిగింది. తర్వాత మూడో మూలకు, నాలుగో మూలకు, మధ్యకు. నాలుగు బొమ్మలూ వచ్చాయి. "నీళ్లు" అంది స్క్రీన్. రికార్డు చేసిన చిన్నమ్మ గొంతే. చిన్నమ్మ నా పక్కనే నిలబడి వింటోంది. మళ్లీ "నీళ్లు" అంది.

"మీ చిన్నాయన నీళ్లడుగుతున్నడు బిడ్డా, నడువ్."

"అదేం లేదు చిన్నమ్మా. వైరు కలపకుంటే గిట్లనే పిచ్చి పిచ్చిగ చేస్తది."

అన్నానే గానీ భయమేసింది. పిచ్చిగా చేస్తే అడ్డదిడ్డంగా చేస్తుంది. ఇలా వరసగా, నిదానంగా చేయదు.

ఆటోలో వెళ్లాం. ఆయన దగ్గరున్న మా ఆవిడ పరేషాన్‌లో ఉంది. "చిన్నమామ ఇందాకటి సంది చెయ్యెత్తి గాల్లో పొడుస్తున్నడు. ఏం గావాల్నో సమజైతలేదు" అంది.

చిన్నమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. నర్సు వద్దంది. డాక్టర్ను బతిమాలాను, ఆయనా వద్దన్నాడు. చిన్నాయన చూపు సీసా మీదే ఉంది. ఏం చెయ్యాలో తోచక చిన్నమ్మ దాన్ని కొంగు కింద దాచుకుంది. ఆ సాయంత్రమే ఆయన పోయాడు.

కర్మలయ్యాక టచ్ వైరు కలిపి, నిలబడి నీళ్లు నొక్కాను. "నొప్పి" అంది. ఆయన మంచం మీద పడుకుని నొక్కాను. "నీళ్లు" అంది. అది కొలతలు నేర్చుకున్నది పడుకున్న మనిషి వేలితోనే.

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను. ఏం కావాలో మాత్రం ఆయన రెండుసార్లు, తేటగా అడిగాడు. మేం ఇవ్వలేకపోయాం.