పాత ఫోన్‌లో విడిపోయిన నూన్

నేను రిటైర్ కావడానికి ముందటి ఏడాది, వానాకాలం మొదట్లో, మలక్‌పేటలోని మా చిన్న కంపెనీ ఖురాన్ పారాయణం నేర్పే ఒక వెబ్‌సైట్ పనిని నాకు అప్పగించింది. అప్పటికి నేను సీనియర్ ఫ్రంట్ ఎండ్ ఇంజనీర్‌ని. పేజీలో అక్షరం ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి అని చెప్పే స్టైల్‌షీట్లు రాయడం, అవి అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా కనిపిస్తున్నాయో లేదో సరిచూడడం నా బాధ్యత. ఒకే పేజీని ఒక్కో బ్రౌజర్ ఒక్కో రకంగా అర్థం చేసుకుంటుంది. మా వృత్తిలో సగం కాలం ఈ సరిచూడడానికే పోతుంది.

కంపెనీకి ఆ పని ఇచ్చింది ఫలక్‌నుమాలో ఆడవాళ్లకు పారాయణం నేర్పే రఫియా ఆపా; ఆపా అంటే అక్క. ఏ అక్షరాన్ని ఎక్కడి నుంచి, ఎంతసేపు పలకాలో చెప్పే నియమాలను తజ్వీద్ అంటారు. ఆమె చిన్నప్పటి నుంచీ వాటిలోనే పెరిగింది. ముక్కులోంచి మోగుతూ పలకాల్సిన నూన్, మీమ్ అక్షరాలు ఆకుపచ్చగా, సాగదీయాల్సినవి ఎర్రగా కనిపించాలని కోరింది. చేశాను. ఆఫీసు ఫోన్లన్నిటిలో బాగానే వచ్చింది. అయినా వాడేవాళ్ల చేతుల్లో చూడనిదే పని ముగిసిందనుకోవడం నాకు అలవాటు లేదు. మా ఇల్లు ఉప్పుగూడ. రైల్లో తర్వాతి స్టేషనే ఫలక్‌నుమా. మధ్యాహ్నాలు వెళ్లి ఆ తరగతిలో ఓ మూల కూర్చునేదాన్ని.

బయట సన్నని వాన. కిటికీకి ఆరేసిన దుపట్టాలోంచి గదిలోకి లేతనీలం వెలుతురు. నాకు అరబిక్ రాదు కనుక వినిపించేదంతా నాదమే. ఫోన్లలో మా పేజీ చూస్తూ చదివే పదిమంది గొంతులు కలిసి లేచేవి, సాగేవి, మెల్లగా దిగేవి. రైలు వెళ్తుంటే ఆగి, దాని చప్పుడు పలచబడ్డాక మళ్లీ అందుకునేవి. కళ్లు తెరిచే ఉన్నా ఎక్కడ కూర్చున్నానో మరిచిపోయేదాన్ని.

ఆ ప్రవాహంలో ఒక్క గొంతు మాత్రం తడబడేది. ఆమె ఖైరున్నిసా. మా వీధివాళ్ల జాకెట్లన్నీ కుట్టే దర్జీ, అరవై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి ఏటా ఆయన పేరున ఎవరినో ఇంటికి పిలిచి ఖురాన్ చదివించేది. ఈసారి తానే చదవాలనుకుంది. కానీ మాట మధ్యలో ఆగిపోయేది. రఫియా ఆపా ఓపిగ్గా దిద్ది దిద్ది, చివరికి ఒకరోజు పిల్లల ఖాయిదా, అంటే మొదటి వాచకం, మళ్లీ మొదలుపెట్టమంది. ఖైరున్నిసా ఫోన్ ఆపేసింది. సంచీ సర్దుకుంటూ, రేపటి నుంచి రానని నాతో మెల్లగా చెప్పింది.

నాకు ఒకటి తోచింది. చదవడం రానివాళ్లు ఒక్కోసారి ఒక్కోచోట తప్పుతారు. ఈమె ఎప్పుడూ అవే చోట్ల ఆగుతోంది, అదీ నాదం మోగాల్సిన చోట. ఫోన్ చూపించమన్నాను. కొడుకు వాడి వదిలేసింది, అందులో బ్రౌజర్ మరీ పాతది. అరబిక్‌లో మాటలోని అక్షరాలు చాలావరకు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. రంగు కోసం నేను వేరుచేసిన నూన్‌ను ఆ బ్రౌజర్ విడి అక్షరంగా గీసింది. మాట అక్కడితో ముగిసినట్టే కనిపిస్తోంది. ఆమె కనిపించింది కనిపించినట్టే చదువుతోంది.

రఫియా ఆపా ఫోన్‌ను దాని పక్కన పెట్టాను. ఇద్దరూ చాలాసేపు చూశారు.

"నా నాల్కనే మొద్దువారిందనుకున్న చెల్లే," అంది ఖైరున్నిసా. "ఈ వయసుల ఇంక రాదని ఇడిచిపెట్టిన."

రఫియా ఆపా ఆమె చెయ్యి పట్టుకుని, ఖాయిదా మాట మరిచిపొమ్మంది.

మా మేనేజర్ సులువైన మార్గం చెప్పాడు. రంగు అక్షరానికి అటూ ఇటూ కంటికి కనిపించని కలుపు గుర్తు పెడితే చాలు, పాత బ్రౌజర్ కూడా అక్షరాలను కలిపేస్తుంది. అది ఆయత్, అంటే ఖురాన్ వాక్యం, మధ్యలోకి వెళ్తుందా అని రఫియా ఆపా అడిగింది. వెళ్తుందని, అయితే దానికి రూపం గానీ శబ్దం గానీ లేవని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కండ్లకు కనిపించకున్నా ఉన్నట్టే గద మేడమ్. అల్లా మాటల మనం ఒక్క నుక్తా, ఒక్క సుక్క గూడ కలపొద్దు. రంగు లేకున్నా నడుస్తది."

చూపించుకోవడానికి ఉన్నదే ఆ రంగులని మేనేజర్ గొణిగాడు. నేను ఆమె మాటే పాటించాను. పాత బ్రౌజర్లలో రంగులు పూర్తిగా తీసేసి, ఆయత్‌ను విడదీయకుండా నల్లగా ఉంచాను. వరుసను తాకితే రఫియా ఆపా గొంతులో దాని పారాయణం వినిపించేలా చేశాను.

తర్వాతి వారం ఖైరున్నిసా వచ్చింది. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టింది. నూన్ దగ్గర ఆమె గొంతు ఆగలేదు, మోగింది. ఆ మోత నిదానంగా గదంతా పరుచుకుంది. మిగతావాళ్లు చదవడం ఆపి వింటూ ఉండిపోయారు. ఆయత్ పూర్తయ్యాక రఫియా ఆపా ఏమీ దిద్దలేదు, తర్వాతిది చదవమంది.

పేజీ అన్నిచోట్లా ఒకేలా కనిపించాలన్నది ఉద్యోగమంతా నేను నమ్మిన నియమం. అది సరిపోదని ఆ పని చెప్పింది. ఏది పోయినా ఫరవాలేదో, ఏది విరగకూడదో ముందుగా వాడేవాళ్లను అడగాలి. మిగిలిన ఆ ఏడాదిలో చేతికొచ్చిన ప్రతి పనిలోనూ, ఒక్క వరుస కోడ్ రాయకముందే ఆ ప్రశ్న అడిగాను.