బొంబాయి పిశాచానికి తెల్ల ఉల్లిగడ్డ

రక్తపిశాచాల గురించి నాకు తెలిసినంత మా వాడలో ఇంకెవరికీ తెలియదని, ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఒకే ఒక్క నవల. అదీ సగమే చదివాను. నా బడాయికి సగం నవల చాలు.

ఎనభైల మొదట్లోని మాట ఇది. మాది కరీంనగర్ జిల్లాలో బీడీలు చేసే ఊరు. బస్టాండు పక్కన సైకిళ్ళు బాగుచేసే ఒకాయన, గోడకు కొట్టిన చెక్క అరలో నవలలు పెట్టి అద్దెకిచ్చేవాడు. నేను చెయ్యి పెట్టిన పుస్తకాన్ని చూసి, "గిది పిల్లలు సదివేది కాదు" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే బహుశా ఇంకోటి తీసుకునేదాన్ని. "మా అవ్వకు" అని అబద్ధం చెప్పాను. మా దిక్కు అవ్వ అంటే అమ్మే, ఆమెకు అక్షరం ముక్క రాదు.

పుస్తకం అట్ట మీద సూటు తొడుక్కున్న రక్తపిశాచి ఉన్నాడు. మన దయ్యాల లాగా చింతచెట్టు మీద కాదు, బొంబాయిలో పదంతస్తుల మేడలో కాపురం. లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతాడు. అదే వీధిలో టాక్సీ నడిపేవాడొకడు, పున్నమి వచ్చిందంటే తోడేలైపోతాడు. ఇద్దరికీ అస్సలు పడదు. నాలుగు పేజీలు చదివేసరికి నాకు అన్నం సయించలేదు, అంత బాగుంది.

అవ్వ లెక్క మాత్రం వేరుగా ఉంది. "ఏడు అయింది గద, ఇగ సాలు. గీ ఎండకాలం బీడీలు నేర్సుకో. బడి తెరిచే యాల్లకు నీ పేరు మీద కార్డు రాయిద్దాం" అంది. కార్డు అంటే బీడీ కార్ఖానాలో పేరెక్కడం. కార్డు ఉన్న పిల్లకు సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయని మా దిక్కు పేరు. మా నాన్న, బాపు, ధాన్యం అడ్తి దుకాణంలో పనికి పోయేవాడు, ఇలాంటివన్నీ అవ్వకే వదిలేసేవాడు. నాకు సంబంధాలు వద్దు. ఎనిమిదో తరగతి కావాలి. పిశాచి ఏమైందో తెలియాలి. రెండూ ఒకే కోరిక లాగా ఉండేవి అప్పుడు.

మధ్యాహ్నాలు మా ఇంటి ముందు వసారాలో, సాయబాను నీడలో ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన నీళ్ళలో నానిన తునికాకు. నాకూ ఒక చాట ఇచ్చారు. నేను ఆకుల కింద పుస్తకం దాచి చదువుతూ పట్టుబడ్డాను. పట్టుకున్నది పెద్దమ్మ, మా బాపు అన్న భార్య.

"ఏందే అది? దాస్కొని సదువుడేంది, మేం గూడ ఇంటం. పైకి సదువు."

చదివాను. రెండు పేజీలయ్యేసరికి సాయబానులో ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు తప్ప ఏదీ లేదు. పేజీ తిప్పబోతే నా చాట అడ్డమొచ్చింది. పెద్దమ్మ ఆ చాట తీసి పక్కన పెట్టి, "నువ్వు సదువు. నీ వంతు మేం జేస్తం" అంది. అవ్వ ఏదో గొణిగింది కానీ కాదనలేదు. పెద్ద తోడికోడలు కదా, యారాలి మాటకు అడ్డం చెప్పే అలవాటు అవ్వకు లేదు.

అలా నేను చాట నుంచి తప్పించుకున్నాను. చదివినంత కాలం చాట రాదు, చాట రానంత కాలం కార్డు మాట రాదు. కాబట్టి గొంతు పోయేదాకా చదివేదాన్ని.

వాళ్ళు ఊరికే వినేరకం కాదు. టాక్సీవాడు తోడేలుగా మారే చోట పెద్దమ్మ చెయ్యి ఆగింది. ఆమె పుట్టినిల్లు భైంసా. "తోడేలంటే లాండ్గానా?" అంది. మహారాష్ట్ర సరిహద్దు కాబట్టి, అక్కడ మరాఠీ వాళ్ళతో పాటు తెలుగు వాళ్ళూ తోడేలును అలాగే అంటారట. "మా దిక్కు లాండ్గాలు మేకల నెత్తుకపోతయి గని టాక్సీలు నడుపయి. బొంబాయిల అన్ని ఇచ్చంత్రాలే."

సిలువను చూస్తే పిశాచి వణుకుతాడని చదివినప్పుడు అందరి తలలూ పక్కింటి అక్క వైపు తిరిగాయి. వాళ్ళు ఆదివారం ఆదివారం మెథడిస్టు చర్చికి పోతారు.

"జర నువ్వొచ్చి గీ దర్వాజ దిక్కు కూసో" అంది పెద్దమ్మ.

"సిలువ నా మెడల లేదు పెద్దమ్మా, మా గోడకున్నది. గోడ నెత్తుకొని రావాల్నా?" అంది అక్క. అన్నదే కానీ, వచ్చి దర్వాజ దగ్గరే కూర్చుంది.

ఆ తర్వాతి పేజీలో నా కొంప ముంచిన మాట వచ్చింది. పిశాచాన్ని ఆపగలిగింది ఇంకొకటి ఉంది, అది వెల్లుల్లి అని రాశారు.

"వెల్లుల్లి అంటే ఏందే?" అంది పెద్దమ్మ.

నాకు తెలియదు. మా వంటింట్లో, మా అంగట్లో ఆ మాట నేనెన్నడూ వినలేదు. తెలియదంటే పరువు పోతుంది, పరువుతో పాటు చాట ఒళ్ళోకొస్తుంది. మాటను విరిచి చూశాను. వెల్ల అంటే సున్నం, అంటే తెలుపు. ఉల్లి అంటే ఉల్లిగడ్డ. "తెల్ల ఉల్లిగడ్డ" అని తడుముకోకుండా చెప్పేశాను. మాటను విరిచిన తీరులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ వాదిస్తాను.

మర్నాటికి మా దర్వాజ మీద మూడు తెల్ల ఉల్లిగడ్డలు వేలాడాయి. అది నవ్వుకునే సంగతే. కానీ పెద్దమ్మ అంతటితో ఆగలేదు. ఆమె భర్త, మా పెద్దబాపు, బొంబాయి పక్కనే భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. "మీ పెద్దబాపు గా పిశాచాల నడుమనే ఉంటుండు గదనే! కాయితం తీయి" అంది. వాడలో అందరి ఉత్తరాలూ నేనే రాసేదాన్ని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను: తెల్ల ఉల్లిగడ్డ ఎప్పటికి జేబుల పెట్టుకో. ఎందుకని అడుగకు. లిఫ్టు ఎక్కకు.

కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. "ఉల్లిగడ్డ జేబుల పెట్టుకున్న. పక్క మగ్గమాయన అన్నం తినేటప్పుడు సగం ఇయ్యిమని సతాయిస్తుండు. ఇయ్యలే. లిఫ్టు ఈడ లేదు. నీ పానం మంచిగుందా?" అని రాశాడు ఆయన. పెద్దమ్మ ఆ ఉత్తరాన్ని నాతో మూడుసార్లు చదివించుకుని, తన పైసలతో నాకు ఐసు కొనిపెట్టింది. నేను సిగ్గు లేకుండా తిన్నాను.

మా వెనకింట్లో బడి సారు కుటుంబం అద్దెకుండేది, గోదావరి జిల్లా వాళ్ళు. ఒకరోజు సారు భార్య తోడుకు పెరుగు అడగడానికి వచ్చి, దర్వాజ మీదికి చూసి, "ఇవెందుకండీ ఇక్కడ కట్టారు?" అంది. పెద్దమ్మ పిశాచి సంగతంతా చెప్పింది. ఆవిడ మొదట అర్థం కాక, తర్వాత అర్థమై, గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది.

"అయ్యో, వెల్లుల్లంటే తెల్ల ఉల్లిపాయ కాదండీ! మీరు ఎల్లిగడ్డ అంటారు చూడండి, అదే!"

పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"అంటే నెల దినాల సంది మీ పెద్దబాపు ఉత్త చేతుల్తోని తిరుగుతుండా ఆడ?"

ఆమె నిజంగా భయపడింది. అది చూశాక నేను నేలలోకి కుంగిపోయాను. అప్పుడు పక్కింటి అక్కే ఆదుకుంది. "ఫికర్ జేయకు పెద్దమ్మా. పోయేటప్పుడు డబ్బ నిండ ఎల్లిగడ్డ కారం కట్టిస్తివి గద. రోజు అదే తింటుండు. ఆయన దగ్గరికి పిశాచమేంది, మనిషి గూడ రాడు" అంది. పెద్దమ్మ ఆ డబ్బాను తలచుకుని నవ్వింది. అందరూ నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "తెల్వకపోతే తెల్వదని జెప్పాలె. ఇంటోళ్ళు నమ్మి ఇంటుంటే, నోటికొచ్చింది జెప్పుడేనా నీ సదువు?" అని, పక్కనున్న చాట తీసి నా ఒళ్ళో పెట్టింది. "బడి తెరిచినంక కార్డు."

ఏడ్చాను. ఉల్లిగడ్డ గురించి కాదు, ఎనిమిదో తరగతి పోయిందని. అవ్వ అన్న దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అందుకు ఇంకా ఏడుపొచ్చింది.

వారం రోజులు బీడీలు చుట్టాను. నావి నడుము దగ్గర ఉబ్బి, మూతి దగ్గర విచ్చుకునేవి. అక్క వాటిని విప్పి మళ్ళీ చుట్టేది. పుస్తకం దూలం సందులో ఉంది. దాని వైపు చూడకూడదని పంతం పట్టి, పొద్దస్తమానం దాన్నే చూసేదాన్ని. ఎవరూ కథ అడగలేదు. సాయబానులో ధరలు, జ్వరాలు, కోడళ్ళు తప్ప మాటల్లేవు.

ఎనిమిదో రోజు ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది అవ్వ.

"గా సూటోడు లిఫ్టు ఎక్కిండు గద. ఒక పోరి అప్పటికే లోపలుండె. ఆడనే ఇడిసిపెడితివి. ఏమాయె మరి?"

"నువ్వే వద్దంటివి" అన్నాను, ఉక్రోషంగా.

"పుస్తకం వద్దన్ననా నేను? తెల్వకుండ జెప్పుడు వద్దన్న."

"తేపో" అంది పెద్దమ్మ, నా చాట లాక్కుంటూ. "గని ఈసారి ఆ ముచ్చటంత మన మాటల్ల సదువు. వచ్చాడు, పోయాడు అంటే ఎవలో సుట్టాలింటి ముచ్చట లెక్కున్నది. భయమే అయితలేదు."

అప్పటి నుంచి కళ్ళు పుస్తకంలో ఒకటి చదివేవి, నోరు ఇంకోటి చెప్పేది. పిశాచి 'వచ్చాడు' అని ఉంటే 'వచ్చిండు' అనేదాన్ని. లిఫ్టులో ఆ పిల్ల మెడ వైపు చూస్తూ 'నాకు దాహంగా ఉంది' అన్నాడని అచ్చులో ఉంది. "దూపైతుంది బిడ్డా, జర ఇటు రా" అన్నాను నేను. పెద్దమ్మ కెవ్వుమని చాటలో తంబాకంతా పారబోసింది. అర్థం కాని మాట వస్తే ఆగి, "గిది నాకు తెల్వది" అని చెప్పి, సారు భార్య దగ్గరికి పరుగెత్తి అడిగి వచ్చేదాన్ని. తెలియదని నలుగురిలో చెప్పడం మొదట్లో చచ్చేంత కష్టంగా ఉండేది. నేను వచ్చేదాకా వాళ్ళు అక్కడే ఆగి ఉండేవాళ్ళు. అది మాత్రం బాగుండేది.

అవ్వ ఆకు కత్తిరిస్తూ వినేది. కార్డు సంగతి ఏమైందో అడిగే ధైర్యం నాకు లేదు.

జూన్‌లో ఒక పొద్దున అవ్వ బీడీ కట్టలు గంపలో సర్ది, "నడువు" అంది. కార్ఖానాకు. బడి మైదానం పక్క నుంచి పోతుంటే తల తిప్పుకున్నాను. అక్కడ గుమాస్తా కట్టలు చూసి తీసుకున్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, కొత్త కార్డు ఒకటి బయటికి లాగి, కలం మూత తీశాడు.

"గీ పిల్లకేనా? వయసు నేను సూసుకుంట. పేరు జెప్పు."

అవ్వ కొంగు సర్దుకుంది. గంప ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చింది.

"వద్దు సారూ. అది సదువుతది."

"ఏం సదువుతది?" అన్నాడు గుమాస్తా, వెటకారంగా.

అవ్వ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పిశాచం సదువుతది. మంచిగ సదువుతది. ఇంక సగం బాకీ ఉన్నది."

గుమాస్తా నోరు తెరిచి మా అవ్వనే చూస్తూ, తీసిన కలానికి మళ్ళీ మూత పెట్టాడు.