టార్చక్క నడుముకి కట్టిన పెట్టె

మా తోడికోడలి అసలు పేరు ఈ వీధిలో ఎవరికీ తెలీదు. చిన్నా పెద్దా అందరికీ టార్చక్కే. మా బావగారి భార్య, నాకు అక్క వరస. సినిమా హాల్లో చీకట్లో టార్చి పట్టుకుని జనాన్ని సీట్ల దగ్గరికి తీసుకెళ్లేది. నేను కొత్త కోడలిగా వచ్చేసరికే బాల్కనీ మెట్ల మీద మేకపిల్లలా గెంతుతోంది. ఆ మెట్లు నిటారుగా ఉండేవి, నేనైతే లైట్లున్నప్పుడు కూడా గోడ పట్టుకునేదాన్ని. ఆవిడ కిందకి చూసేదే కాదు. వెలుగు తన కాళ్ల ముందు కాదు, వెనకొచ్చేవాళ్ల కాళ్ల ముందు పడాలి, అదీ పని. కడుపుతో ఉన్నా మానలేదు. "కుదురన్నది లేదే నీకు" అని మా అత్తగారు తిట్టేది. ఆ తిట్టంటే అక్కకి మహా ముద్దు. సినిమా మాత్రం ఒక్కటీ మొదటినుంచీ చూసిన పాపాన పోలేదు. కథ చెప్పమంటే మధ్యలోంచి ఎత్తుకునేది.

తర్వాత హాలు మూసేశారు. ఆ మరుసటి ఏడే బాత్రూంలో జారిపడింది. ఎముకకేం కాలేదు గానీ ధైర్యం పోయింది. భయమని చెప్పదు, మోకాళ్లంటుంది. కిటికీ పక్కన కుర్చీలో చేరింది. ఇక కొడుకూ కోడలూ నెత్తిన పెట్టుకున్నారు. మంచినీళ్లు చేతికి, కంచం ఒళ్లోకి. "అమ్మా, నువ్వు లేవకు."

"ఒరేయ్, మీ అమ్మని కుర్చీకి కుట్టేశారా ఏంటి?" అని అడిగా ఓసారి.

"మళ్లీ పడితే ఏం చేస్తాం పిన్నీ?"

వాడి ప్రేమ వాడిది, కాదన్ను. ఆ ప్రేమ పుణ్యమా అని కొన్నాళ్లకి ఆవిడ ఎవరో ఒకరు చెయ్యిస్తే గానీ లేవలేని స్థితికొచ్చింది. ఇలాగే కూర్చుంటే మంచం పడుతుందని, పడితే లేవడం కష్టమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. మావాడు లేపే దారి చూడకుండా మంచం ముందుగదిలో పడుతుందో లేదో కొలుచుకున్నాడు.

అదిగో, అప్పుడొచ్చింది పరిశోధన పిల్ల. బ్యాగు నిండా అగ్గిపెట్టెంత పెట్టెలు, వాటికి పట్టీలు. ఏ వయసువాళ్లు ఎంత కదులుతున్నారు, దాంతో ఒంటికేమవుతోంది అని చూస్తోందట. బడిపిల్లలు, బాలింతలు, ఆఫీసులో కూర్చుని పొట్ట పెంచేవాళ్లు, మాలాంటి ముసలాళ్లు, అందరూ కావాలట. వారంపాటు పెట్టె నడుముకి కట్టుకుంటే మన కదలికంతా అందులోకెక్కుతుంది. ఒకటి మా అక్కకిచ్చింది.

వారం తర్వాత వచ్చి, పెట్టెని కంప్యూటరుకి తగిలించి, నవ్వు ఆపుకుంటూ అడిగింది. "అమ్మమ్మగారూ, ఇది కట్టుకున్నారా?"

"పరాయి సొత్తు కదమ్మా. పాడైపోతుందని బీరువాలో పెట్టా."

మళ్లీ ఇచ్చింది. ఈసారి కోడలే దగ్గరుండి కట్టింది. ఇంకో వారానికి ఆ పిల్ల కంప్యూటర్లో, మనం కదిలితే పైకి లేచే గీతలు రెండు చూపించింది, బీరువాలో ఉన్నప్పటిదొకటి, నడుముకి ఉన్నప్పటిదొకటి. నాకు చదువు రాదు గానీ గీతలు కనపడతాయిగా. రెండూ నేలకంటుకునే ఉన్నాయి.

నేను ఊరుకుంటానా? "అక్కా, నీకూ బీరువాకీ తేడా తాళంచెవి ఒక్కటే" అన్నా.

ఆవిడా నవ్వింది. తర్వాత మొహం కిటికీవైపు తిప్పుకుంది. ఆ మాట అనాల్సిందే, అన్నందుకు బాధ లేదు. కానీ ఆ మొహం చూశాక కుర్చీ దగ్గరికి జరిగి కూర్చున్నా.

"చిన్నప్పుడు గెంతితే ఎముక గట్టిపడుతుంది. నడివయసులో కదిలితే షుగరూ బీపీ కాస్త చెప్పినట్టు వింటాయి. మీ వయసులో కదిలితే పడిపోకుండా ఉంటారు. రోజూ వరండాలో కాసేపు నడవండి" అంది పిల్ల.

"ఊరికేనా?"

"ఊరికే."

"ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్లకుండా నాకు నేనే అటూ ఇటూ తిరగాలా? మతి పోయిందనుకుంటారు."

మర్నాడు ఆ పిల్ల అదే మేడలో పై అంతస్తువాళ్లకీ పెట్టెలిద్దామని వెళ్లి వెంటనే దిగొచ్చింది. సబ్బులు అమ్మేదనుకుని తలుపేసేశారట.

"నా పేరు చెప్పలేకపోయావా?" అంది అక్క.

"చెప్పానండీ. ఆవిడ మంచం పట్టిందిగా, నిన్నెలా పంపిందీ అన్నారు."

"ఎవరూ, నేనా?" నావైపు తిరిగి, "చెయ్యివ్వవే" అంది.

కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వరు."

"చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? తప్పుకో."

మొదటి మెట్టు దగ్గరికొచ్చి ఆగిపోయింది. కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల పట్టుకోబోయి, ఏమనుకుందో వెనక్కి తగ్గింది. "మీరు ముందు నడవండి అమ్మమ్మగారూ. బల్బు పోయింది, నాకు మెట్టు కనపడట్లేదు."

అంత చీకటేం లేదు. అక్క ఆ మాట విని ఒక కాలు ఎత్తింది. రెండోది ఎత్తింది. ఖాళీ చెయ్యి తనంతట తనే వెనక్కెళ్లి మెట్టు చూపించడం మొదలెట్టింది. "అంచు విరిగింది, చూసుకో. ఇక్కడ మలుపు." అదీ గుసగుసగా, హాల్లో సినిమా ఆడుతున్నట్టు. పడితే పట్టుకుందామని వెనకాల నేను.

తలుపు తీసినావిడ నోరు తెరిచింది. "మంచం పట్టానన్నావట. కుర్చీ వెయ్యి, ఊపిరొచ్చాక మాట్లాడతా" అంది మా అక్క.

ఆ సాయంత్రం కాళ్లు పీకేస్తున్నాయని మూలుగు. కొడుకు ఇల్లు లేచిపోయేలా అరిచాడు, ముఖ్యంగా నామీద. పరిశోధన పిల్ల వాణ్ణి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. బల్ల ఆసరాతో లేచి కూర్చోవడం అక్కకి నేర్పింది. తలుపు తియ్యని ఇల్లు ఎక్కడున్నా ఆవిణ్ణే ముందు నడిపించింది. ఇవాళ ఒక ఇల్లు, రేపు రెండు. ఎండలు ముదిరేసరికి ఓ పరీక్ష పెట్టింది, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవాలి. మా అక్క ఊగింది, పళ్లు బిగించింది, లేచింది. మావాడు మొహం కడుక్కోవాలని లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. ముందుగదిలోకి మారాల్సిన మంచం ఎక్కడిదక్కడే ఉంది.

పడుచుపిల్లయిందని నేనన్ను. కమ్మీ వదల్దు, మూలుగు మానదు. కానీ ఇంట్లో దొరికితే ఒట్టు. మొన్న వెళ్తే కుర్చీలో పిల్లి పడుకునుంది. "ఏ అంతస్తులో ఉన్నారో చిన్నత్తయ్యా, పొద్దున వెళ్లారు" అంది కోడలు. వెతుక్కుంటూ నేనూ ఎక్కా. మూడో అంతస్తుకి ప్రాణం గొంతులోకొచ్చి మెట్టు మీద కూలబడబోయా. పైనుంచి గొంతు వినపడింది.

"అక్కడ కూర్చోకే, మళ్లీ లేవలేవు. ఇంకో మలుపే, గోడవైపు రా."