టౌరంగాలో నేను ఇచ్చిన మాట

దయ్యాలను నేను నమ్మను. ఈ వాక్యం కింద ఏం రాసినా దీన్ని మాత్రం కొట్టివేయను. మెదక్ పల్లెల్లో బాణామతి అబద్ధమని చెప్పడానికి నిప్పుల మీద నడిచి చూపించినదాన్ని. కాళ్లు ఎందుకు కాలలేదో కూడా అక్కడే వివరించేదాన్ని.

ఇప్పుడు న్యూజిలాండ్‌లోని టౌరంగాలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుని. పాపువా న్యూగినీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు అక్కడ ఉండేవారు. పక్షవాతం వచ్చాక ఆయనకు ఇంగ్లిష్ పోయి, చిన్ననాటి భాష ఒక్కటే మిగిలింది. అది మాట్లాడేవాళ్లు ఒక లోయలో కొద్దిమందే ఉన్నారట. టౌరంగా మొత్తం మీద అది అర్థమయ్యేది ఆయన కూతురు రూత్‌కే. ఆమెకూ తిరిగి మాట్లాడటం రాదు.

రూత్‌కు ఒక్కటే తెలియాలి. నాన్నను ఎక్కడ సమాధి చేయాలి, ఇక్కడా, ఆ లోయలోనా? ఆమె ఇంగ్లిష్‌లో అడిగితే ఆయన మొహం గోడ వైపు తిప్పుకునేవారు.

"న్యూజిలాండ్‌లో పెరిగిన కివీ పిల్లతో నాకేం మాటలని నాన్న అలక, సిస్టర్," అంది. ఆయన నోరు విప్పితే రికార్డు చేయమని చెప్పి, కివీ పళ్లు పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో షిఫ్టుకు వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన మాట్లాడారు. పదకొండు నిమిషాలు. నా ఫోన్ దుప్పటి మీద పెట్టి, మన అలవాటు ప్రకారం ఊ కొడుతూ కూర్చున్నాను. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆగిపోతారు కదా. అంతకుమించి ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఆయన పోయారు.

మర్నాడు రూత్ ఆ రికార్డింగ్ విన్నది. ఏడవలేదు.

"మా భాష మీకెవరు నేర్పారు?"

నాకు రాదన్నాను. ఆమె నా ఫోన్‌ను నా వైపు జరిపింది. నేను ఊ కొట్టిన చోటల్లా ఒక ఆడగొంతు నిండు వాక్యాలు పలుకుతోంది. నా గొంతే. ఆ వారం జలుబుతో వచ్చిన బొంగురుతో సహా.

"లోయకు తీసుకెళ్తారా అని అడిగాడు. తీసుకెళ్తామన్నారు మీరు. మా నానమ్మ వాడే పాత మాటల్లో."

అన్నీ పరిశీలించాను. గదిలో మూడో మనిషి లేరు, టీవీ లేదు. రికార్డింగ్ అయ్యాక రూత్‌కు ఇచ్చేదాకా ఫోన్ నా జేబు దాటలేదు. రూత్ పొరబడిందనుకుంటే, నేను కొట్టిన ఊలు ఏమైనట్టు? భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. మందుల బండి తోసుకుంటూ పక్క గదికి వెళ్లాను.

రూత్ ఆయన్ను లోయకు తీసుకెళ్లింది.

రికార్డింగ్ నా దగ్గరే ఉంది. కారణం దొరకలేదు, దొరికిందని అబద్ధం రాయను. అందులో నేను ఒక మనిషికి మాట ఇస్తున్నాను. ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాదు.