వడియాల పక్కన తూటాలు

మా మేనత్త భర్త పోయిన మూడో నెలలో, పాకాల దగ్గరి వాళ్ల పల్లె నుంచి ఫోనొచ్చింది. అడవి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడుకోవడానికి మామ లైసెన్సుతో కొనుక్కున్న రెండు గొట్టాల తుపాకీని కర్మలు కాగానే స్టేషన్లో అప్పగించేశారు. ఇప్పుడు రాగుల గాదె అడుగున ఒక రేకు డబ్బా దొరికిందట. నిండా తూటాలట.

“ముట్టుకోకుండా అట్లే పెట్టు అత్తా, పోలీసులతో మాట్లాడి రేపు పొద్దున వస్తా” అన్నాను.

తిరుపతిలో పత్రికకు నేర వార్తలు రాసేవాణ్ణి కాబట్టి ఇవన్నీ నాకు తెలుసని ఆమె నమ్మకం. ‘తూటాలు స్వాధీనం’ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తూటాను దగ్గర నుంచి చూసింది మాత్రం ఒక్కసారీ లేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి డబ్బా ఖాళీగా ఉంది.

“యాడుండాయి అత్తా?”

“మిద్దె మీద ఎండబెట్టినా.”

పరుగున మెట్లెక్కాను. పాత చీర మీద వడియాలు, పక్కనే చేటలో తూటాలు. ఎర్ర ప్లాస్టిక్‌వి, పచ్చవి, చెమ్మకు ఉబ్బిపోయిన అట్టవి. అన్నింటి ఇత్తడి అడుగులూ కొత్త చెంబుల్లా మెరుస్తున్నాయి.

“చింతపండేసి తోమినాను” అంది, వెనకే వచ్చి. “ఏటా ఆయుధపూజకు మీ మామ వాటికి పసుపూ కుంకమా పెడతా వచ్చినాడు. పూజ చేసిన వస్తువును బొట్టుతో బయటోళ్లకు ఇస్తారా ఎవురైనా?”

చేటను నీడకు జరపాలా, అసలు ముట్టుకోకూడదా, తోచలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను.

పదింటికి జీపులో హెడ్ కానిస్టేబులూ, చిత్తూరు నుంచి తుపాకులు బాగుచేసే పెద్దాయనా వచ్చారు. పెద్దాయన చేటను చూసి నిలబడిపోయాడు.

“వీటికి తలంటు పోసింది ఎవురు మ్మా?”

ఒక్కొక్కటే తీసి ఇసుక బక్కెట్లో పెట్టాడు. నాలుగింటిని మాత్రం పక్కన ఉంచాడు. సన్నగా, మొన తేలి ఉన్నాయి. “ఇవి మీ తుపాకీవి కావు. రైఫిల్‌వి.”

“మీ ఆయనకు ఇంకో తుపాకీ ఉన్నిందా మ్మా?” హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

అత్త ముఖం పాలిపోయింది. దొంగ తుపాకీ దాచుకున్నాడన్న మాట పోయిన మనిషి మీద పడితే ఆమె తట్టుకోలేదు. చెవిలో అన్నాను: “తెలీదని చెప్పు అత్తా.”

“తెలీదు కాబట్టే తెలీదంటా. అది నువ్వు నేర్పాల్నా?” గట్టిగానే అంది.

హెడ్ కానిస్టేబుల్ నవ్వాడు. “పోయినోళ్లను మేమేం అడుగుతాం లే మ్మా. ఈ నాలుగూ చేన్లో దొరికినాయని రాసుకుంటా.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే సిగ్గేసింది. ఇలాంటి రాతల మీదే కదా నేను వార్తలు రాసేది.

అత్త తల అడ్డంగా ఊపింది. “చేన్లో కాదు సార్. గాదెలో దొరికినాయి. గాదెలో అనే రాయండి” అని, అట్లే రాయించి సంతకం పెట్టింది.

జీపు మలుపు తిరిగిందో లేదో, గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది.

“ఇంకో తుపాకీ ఉంటే ముందు మనకు కనపడాల. కొట్టంలో చూద్దాం రా.”

పశువుల కొట్టంలో నేల తవ్వాను. గాదె కింద రాళ్లు జరిపాను. అటక మీద సామానంతా దించాను. దొరకాలని తవ్వుతున్నానో, దొరకకూడదని తవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆ నాలుగూ ఎవరో వేటగాడు ఇచ్చాడా, పూజకని ఎక్కడి నుంచైనా తెచ్చాడా, లేక మామ మేమనుకున్న మనిషి కాదా? మధ్యాహ్నం దాటినా ఏమీ దొరకలేదు.

“లేదు అత్తా” అన్నాను, గడ్డపార గోడకు ఆనించి.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అది ఊరటో కాదో పోల్చుకోలేకపోయాను.

“గడ్డివామి మిగిలిపోయింది. అన్నం తిని మొదలుపెడదాం” అంది.